జనం పలచబడ్డాక

పదో తేదీ, మంగళవారం

ఆ ఉదయం ఇంకోసారి రాసుకుంటాను. రాస్తే నేను చూడకుండా వదిలేసింది ఏదైనా దొరుకుతుందేమో.

నేను లేచేసరికే చిన్నోడు లేచి ఉన్నాడు. వంటింట్లో కుళాయి తల విప్పి, పాత వాషర్ పీకి కొత్తది వేస్తున్నాడు. పళ్ల మధ్య ఒక మర ఉంది. అది తీసి, "నీ కుళాయి మూడు నెలలుగా జపం చేస్తోంది పెద్దక్కా. దానికి నీకంటే భక్తి ముదిరింది" అన్నాడు. నవ్వాను. ప్రార్థనకు కూర్చున్నాక చూస్తే ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. బొట్టు పడటం ఆగింది.

టీ తాగాడు. ఇంకో అర కప్పు అడిగాడు. గడ్డం గీసుకుంటూ కోసుకున్నాడు, గడ్డం కింద ఒక కాగితం ముక్క అంటించుకున్నాడు. పైవాటాలో నీళ్లు రాలేదని నడిపోడు, మా పెద్ద తమ్ముడు, తువ్వాలు భుజాన వేసుకుని కిందికి దిగాడు. నాకూ ఆసుపత్రి డ్యూటీకి టైమవుతోంది. బాత్రూము ముందు ముగ్గురం. చిన్నోడు పక్కకు తప్పుకున్నాడు. "మీరు కానివ్వండి. జనం పలచబడ్డాక వెళ్తాలే."

ముప్ఫై ఎనిమిదేళ్లు వాడికి. ముగ్గురైనా వాడికి జనమే. వాడు పనిచేసే అచ్చాఫీసు మూతపడ్డప్పటి నుంచి ఏడాదిగా నా ఇంటి చివరి గదిలోనే ఉంటున్నాడు.

నేను బయల్దేరేటప్పుడు గుమ్మంలో కూర్చుని బూట్లకు తాళ్లు కట్టుకుంటున్నాడు. గోధుమరంగు బూట్లు, నీలం గళ్ల చొక్కా.

"ఎక్కడికిరా?"

"ఇలా బయటికి."

"గొడుగు?"

"వాన రాదులే."

రాలేదు కూడా.

సాయంత్రం వాడు లేడు. ఫోను దిండు కింద ఉంది. అది ఐదో తేదీ, గురువారం.

ముందురోజు రాత్రి భోజనాల దగ్గర చెల్లి అన్న మాట ఇక్కడ రాయను. ఆ మాటకు ఇల్లు విడిచి పోయేవాడు కాదు.

చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. బూట్లు వేసుకున్నాడంటే దూరం వెళ్లాడని. దూరం వెళ్లినవాడు తిరిగి వస్తాడు.


పదకొండు

ఆదివారానికి వస్తాడు.


పన్నెండు, గురువారం

నడిపోడూ నేనూ మళ్లీ స్టేషనుకు వెళ్లాం. ఎస్సై మంచివాడే. ఫోటో చూసి, "ఏం మాట్లాడేవాడు ఇంట్లో?" అని అడిగాడు. "తక్కువ" అన్నాను. రాసుకున్నాడు.

"కాలువ ఎంత దూరం మీకు?"

బూట్ల సంగతి చెప్పాను. పక్కనున్న కానిస్టేబులు, "బూట్లు వేసుకునే వెళ్తారమ్మా చాలామంది. గట్టు మీద విప్పి పెడతారు" అన్నాడు. ఎస్సై అతని వంక చూశాడు. అతను టీ తేవడానికి వెళ్లిపోయాడు.

బస్టాండు కెమెరాలు చూస్తానని నడిపోడు అన్నాడు. వాడి ఉద్యోగం అక్కడే, కంట్రోల్ రూములో. ఏ వేళకు ఎంత జనం ఉంటారో బొమ్మలు గీసి ఇస్తే, దాన్ని బట్టి బస్సులు పెంచుతారు, తగ్గిస్తారు. ఎస్సై కాగితం రాసిచ్చాడు. ఆ రోజు ఫోటోలు వాడు ఇంటికి తెచ్చుకుంటుంటే సూపర్వైజరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడట.


పద్నాలుగు, శనివారం

మధ్యాహ్నం పైవాటాలో కూర్చున్నాం. చెల్లి తన ఇంట్లో చెప్పి ఇక్కడికి వచ్చేసింది. రెండు వీధుల అవతలే అయినా సంచీతో వచ్చింది.

బస్టాండులో ఏడు కెమెరాలు. కొన్ని సెకన్లకోసారి ఒక్కొక్కటీ ఒక ఫోటో తీస్తుంది. ఒక్క రోజుకే లక్షలు.

"అన్నీ ఒకేసారి తెర మీద పెడితే ఏం కనపడదక్కా. నల్ల దుప్పటి కప్పినట్టుంటుంది" అన్నాడు నడిపోడు. "అందుకే చీటీలు తీసినట్టు తీస్తాం. అన్ని ఫోటోలూ ఒక డబ్బాలో ఉన్నాయనుకో. మిషను కళ్లు మూసుకుని అందులోంచి ఓ గుప్పెడు తీస్తుంది. ఏది పడుతుందో నా చేతిలో ఉండదు. ఆ గుప్పెడు పక్కపక్కన పేరిస్తే చాలు, రోజంతా ఎలా గడిచిందో ఒక్క చూపులో తెలుస్తుంది."

"వాడు పడతాడా?"

"పడొచ్చు. పడకపోతే మళ్లీ తీస్తా."

మీట నొక్కాడు. తపాలా బిళ్లలంత ఫోటోలు తెర నిండా పరుచుకున్నాయి. పైన ఉదయం, కింద సాయంత్రం. వెలుతురు వరస వరసకూ రంగు మారింది. పెట్టె మోస్తున్న ఒకామె, ఆవలిస్తున్న డ్రైవరు, పిల్లాణ్ణి చంకనేసుకుని పరిగెడుతున్న తండ్రి. అందంగా ఉంది. అలా అనుకున్నందుకు సిగ్గేసింది.

"అదిగో!" అంది చెల్లి. నడిపోడు పెద్దది చేసి చూపించాడు. ఎవరో.

"అదిగో!"

ఎవరో. ఊళ్లో ఇంతమంది నీలం చొక్కాలు వేసుకుంటారని నాకు తెలియదు.


పదిహేను, ఆదివారం

రాలేదు. వచ్చే ఆదివారం.


పదిహేడు, మంగళవారం

మూడు రోజులుగా తీస్తూనే ఉన్నాం. గుప్పెడు తరువాత గుప్పెడు. ఆసుపత్రి కుట్టుగదిలో దుప్పటి ఎత్తి కిటికీకి అడ్డం పెట్టి చిల్లు ఎక్కడుందో చూస్తాను. అలా చూస్తున్నాను ఒక్కొక్క మొహాన్నీ. వెనక వెలుతురు లేదు.

ఎస్సై వచ్చాడు. తెర చూసి మెచ్చుకున్నాడు. "ఇంత పనిమంతుడివి మా దగ్గరుంటే బాగుండేదయ్యా" అన్నాడు. తరువాత, "ఇన్నిసార్లు తీశావు కదా, ఒక్కసారీ పడలేదంటే బస్టాండుకు రాలేదనే కదా లెక్క?"

నడిపోడు ఆఫీసులో ఎవరైనా అడిగితే ఎలా చెబుతాడో అలాగే చెప్పాడు. "అలా అనుకోవచ్చు సార్."

"అయితే కాలువ చూడాలి. వచ్చే వారం మనుషుల్ని దింపుతా."

నాకు నమస్కారం పెట్టి వెళ్లాడు.


పద్దెనిమిది

మొదటి రోజు, వాణ్ణి ఇంటికి పంపమని అడిగాను. మొన్నటి నుంచి, ఒక్కసారి కనపడేలా చెయ్యమని అడుగుతున్నాను. ఇవాళ కాలువలో నీళ్లు తగ్గకూడదని అడిగాను. ఇలాంటివి అడగొచ్చో లేదో తెలియదు.


ఇరవై, శుక్రవారం

చెల్లి నడిపోడి మీద విరుచుకుపడింది.

"నీ బొమ్మ చూపించి పోలీసుల్ని కాలువకు పంపావు. సొంత తమ్ముడు!"

"నేను పంపానా? నాలుగు రోజులు కళ్లు కాయలు కాసేలా చూశాను. గుప్పెడు చూస్తే డబ్బా సంగతి తెలుస్తుంది, లోకమంతా అలాగే చేస్తుంది. అన్నం ఉడికిందో లేదో నువ్వు గిన్నె మొత్తం తిని చూస్తావా? ఒక్క మెతుకు పట్టుకుంటావు."

"మెతుకు పట్టుకుంటే ఉడికిందో లేదో తెలుస్తుంది రా. అన్నంలో రాయి ఉందో లేదో తెలుస్తుందా? రాయి ఉన్న సంగతి పంటి కింద పడ్డాకే తెలిసేది!"

నడిపోడు కుర్చీ వెనక్కి జరిపాడు.

"మన చిన్నోడు రాయా ఇప్పుడు?" అన్నాడు, నెమ్మదిగా.

"నేనలా అన్నానా? అక్కా, నేనలా అన్నానా?"

ఇద్దరికీ టీ ఇచ్చాను.

టీ తాగి నడిపోడే అన్నాడు. "నువ్వన్నది నిజమే. బస్టాండు ఎలా ఉందో గుప్పెడు చెబుతుంది. అందులో ఒక్క మనిషి ఉన్నాడో లేడో చెప్పదు. అన్నీ చూడాలి. డబ్బాలో ఉన్నవన్నీ."

కెమెరాలు పంచుకున్నాం. నాకు రెండు, చెల్లికి రెండు, మిగతావి వాడికి. చీటీలు లేవు. మొదటి ఫోటో నుంచి చివరి దాకా.


ఇరవై రెండు, ఆదివారం

కళ్లు మంటలు. ఒక ముసలాయన ప్రతి బస్సు దగ్గరికీ వెళ్లి ఎక్కకుండా వెనక్కి వస్తున్నాడు. ఎవరి కోసమో. మేం చూస్తున్నట్టు ఆయనకు తెలియదు. ఆయన కోసం కూడా ప్రార్థించాను.

ఇవాళ ఆదివారం.


ఇరవై నాలుగు, మంగళవారం

అన్నీ అయిపోయాయి. డబ్బా అడుగు కనపడింది. వాడు లేడు.

నడిపోడు కంప్యూటరు మూత మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. "ఇక నేను చేయగలిగింది లేదక్కా" అన్నాడు. నలభై ఎనిమిదేళ్లవాడు, చిన్నప్పుడు పలక పగిలినప్పుడు ఎలా కూర్చునేవాడో అలాగే కూర్చున్నాడు.

చెల్లి ఈసారి ఏమీ అనలేదు. అంటే బాగుండేది.


ఇరవై ఐదు

కాలువలో మనుషులు దిగారు. నేను వెళ్లలేదు. కుట్టుగదిలో దుప్పట్లకు అంచులు కుట్టాను. ఒకే దుప్పటికి రెండుసార్లు కుట్టాను.


ఇరవై ఆరు

ఒక బూటు దొరికిందట.

నలుపు.


ఇరవై ఏడు, శుక్రవారం

ప్రార్థనకు కూర్చున్నాను. మాటలు రాలేదు. అమ్మ పోయినప్పుడూ వచ్చాయి. ఇవాళ రాలేదు. కూర్చుని లేచాను.

వంటింట్లో ఎంత నిశ్శబ్దమో. కుళాయి బాగా చేశాడు.


ఇరవై తొమ్మిది, ఆదివారం

ఆదివారం డ్యూటీ వేయించుకున్నాను. ఇంట్లో ఉంటే గుమ్మం వైపే చూస్తాను.

మధ్యాహ్నం నడిపోడు నన్ను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చాడు. కాలువ పని ఆపేశారని చెప్పడానికి వచ్చాడు నిజానికి. దిగువ తూముల దగ్గర చూస్తారట. మూడో అంతస్తులో లిఫ్టు ముందు నిలబడ్డాం. రోగుల బంధువులు రావడం పోవడం, లిఫ్టు నిండా జనం. తలుపు తెరుచుకుంది. నడిపోడు దూరబోయాడు. వాడి చెయ్యి పట్టుకున్నాను.

"ఆగరా. జనం పలచబడ్డాక వెళ్దాంలే."

నేను చిన్నోడి మాట అన్నానని నాకే తెలియలేదు. ఇంట్లో రోజూ వినీ వినీ నోటికి వచ్చేసింది.

లిఫ్టు వెళ్లిపోయింది. మళ్లీ వచ్చింది, ఖాళీగా. తలుపు తెరుచుకుని, మూసుకుంది. నడిపోడు కదల్లేదు.

"ఏమన్నావు?"

"ఏమన్నాను? పలచబడ్డాక అన్నాను."

"వాడు జనంలో ఉండడు కదక్కా." నా వైపు తిరిగాడు. "నేను జనాన్నే వెతికాను."

గోడ పక్కన బల్ల మీద కూలబడ్డాడు. అప్పుడు చెప్పాడు. వాడి పని జనాన్ని లెక్కపెట్టడం. నలుగురి కంటే తక్కువ మంది ఉన్న ఫోటో ఆ లెక్కకు పనికిరాదు. ఖాళీ బల్లల్ని ఎవరు లెక్కపెడతారు? అందుకని ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక జల్లెడ పెట్టాడు. పలచటి ఫోటోలు పక్కకు రాలిపోతాయి. కుప్పలోకి రావు. పెట్టి ఏళ్లయింది. అలాంటిది ఉందన్న సంగతే మరిచిపోయాడు.

"చీటీలు సరిగ్గానే తీశానక్కా. తరువాత డబ్బా మొత్తం చూశాం. డబ్బాలోనే వాడి చీటీ లేదు."

"రాలిపోయినవి ఏమయ్యాయి?"

"వేరే చోట పడి ఉంటాయి. నెల తిరిగితే చెరిగిపోతాయి."

ఐదో తేదీకి నెల. మెట్ల మీదుగా దిగాం. లిఫ్టు కోసం ఆగలేదు.


ముప్ఫై, సోమవారం

ఉదయమే నడిపోడు వాటిని తెచ్చాడు. తెర మీద ఆ పెట్టెకు వాడు ఎప్పుడో పెట్టిన పేరు ఉంది.

తాలు.

మా నాన్న పొలం ముఖం చూసినవాడు కాదు, గడియారాల దుకాణంలో గుమాస్తా. అయినా పనికిరానిది ఏదైనా ఆయనకు తాలే. విరిగిన స్ప్రింగు తాలు, ఆగిపోయిన గడియారం తాలు. ఆ మాట మా నలుగురికీ అంటుకుంది. నడిపోడు పనికిరాని ఫోటోలకు ఆ పేరు పెట్టడంలో వింతేమీ లేదు.

చెల్లి ఆ పేరు చదివింది. లేచి వంటింట్లోకి వెళ్లింది. చాలాసేపు కుళాయి చప్పుడు.

నేను రాయనన్న మాట అదే. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, "నలుగురు పుట్టాక ఒకటి తాలు పోక తప్పదులే" అంది చెల్లి. నవ్వుతూనే అంది. వాడూ నవ్వాడు. పెరుగు అడిగాడు.

చెల్లి మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది. "నా వంతు ఏవి?" అంది.

ఎవరూ లేని ఫోటోలు చూడటం వేరే పని. తడి నేల. ఊడ్చే ఆమె చీపురు, ఆమె కాదు. ఖాళీ బల్లలు, మళ్లీ ఖాళీ బల్లలు. వెలుతురు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి నడుస్తుంది. ఇన్ని రోజులు మేం చూసినదంతా అరుపులే, నడుమనున్న ఊపిరి ఇదన్నట్టు ఉంది.

ఈసారి చెల్లి "అదిగో" అనలేదు. తెర మీద వేలు పెట్టింది. తియ్యలేదు.

చివరి ప్లాట్‌ఫారం, చివరి బల్ల. నీలం గళ్ల చొక్కా, ఒళ్లో చిన్న సంచి. బూట్లు రెండూ పక్కపక్కన బుద్ధిగా ఆనించి, బడిలో పిల్లాడిలా కూర్చున్నాడు.

నడిపోడు ముందుకూ వెనక్కూ జరిపి చూశాడు. బస్సు రాగానే జనం వస్తారు. జనం రాగానే వీడు లేచి స్తంభం వెనక్కి పోతాడు. జనం పోగానే మళ్లీ బల్ల మీద. అలా ఎన్ని బస్సులు వదిలేశాడో. జనం ఉన్న ఫోటోల్లో మేం చూసింది ఆ స్తంభాన్ని. ఆ స్తంభం నా వంతు కెమెరాలోదే. దాన్ని ఎన్నిసార్లు చూశానో.

మధ్యాహ్నానికి ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. కొండ మీది ఊళ్లకు వెళ్లే బస్సు వచ్చింది. తలుపు పక్కన నిలబడి లోపలికి తొంగి చూశాడు. ఎక్కాడు.

తరువాతి ఫోటోలో బల్ల.

గడ్డం కింద కాగితం ముక్క కనపడుతుందేమోనని పెద్దది చేయించి చూశాను. చుక్కలు చుక్కలుగా విడిపోయింది మొహం. ఉండే ఉంటుంది.


ఒకటో తేదీ, మంగళవారం

తూముల దగ్గర వెతకడం ఆపించాం. ఎస్సై ఫోటో చూసి టోపీ తీశాడు. "బస్సెక్కడం వరకే తెలిసిందమ్మా. నెల కావస్తోంది. ఆశ మరీ పెంచుకోకండి." సరే అన్నాను.

నడిపోడు ఆ బస్సు కండక్టరును పట్టుకున్నాడు. అతనికి గుర్తుంది. బస్సులో ముగ్గురే ఉన్నారు కాబట్టి గుర్తుందట. నిండు బస్సయితే నా తల్లి ఎక్కినా గుర్తుండదన్నాడట. చివరి ఊరి దాకా వచ్చి దిగాడు. ఎటు పోయాడో చూడలేదు. ఆ పైన అడవి, ఒక పాత సత్రం, కొన్ని ఇళ్లు.

అడవి అన్న మాట ఇంట్లో ఎవరూ రెండోసారి అనలేదు.

సాయంత్రం ముగ్గురం వంటింట్లో కూర్చున్నాం.

వ్యాను మాట్లాడదామంది చెల్లి. వాడి ఫోటో పెద్దది వేయించి, మైకు పెట్టి, ఇరుగుపొరుగునూ తీసుకుని అందరం వెళ్దామంది.

"మైకు పెడితే వాడు ఆ కొండ దిగి అవతలి కొండెక్కుతాడు" అన్నాడు నడిపోడు.

చెల్లి కోప్పడలేదు. బల్ల మీద గీతలు గీస్తూ, "నేను కనపడితే స్తంభం వెనక్కి పోతాడు, అంతేనా?" అంది.

"ఇప్పుడప్పుడే వద్దు" అన్నాను. ఆమె చేతి మీద చెయ్యి వేశాను.

అలా తేలింది. గుంపుగా వెళ్లకూడదు. నేనొక్కదాన్నే వెళ్లాలి. ఎల్లుండి. పొద్దున మొదటి బస్సుకు జనం ఎక్కువట, మధ్యాహ్నం బస్సుకే ఎక్కాలి. దొరికినా దొరకకపోయినా రోజూ సాయంత్రం ఆ ఊరి దుకాణం నుంచి ఫోను చేయాలి. నడిపోడు తాలు చెరిగిపోకుండా ఇంకోచోట దాచిపెట్టాలి, జల్లెడ తీసేయాలి. చెల్లి ఇక్కడే ఉండాలి, చివరి గదిలో కాదు, ముందు గదిలో. వాడు ఇంకో దారిన వస్తే తలుపు తీయడానికి ఒకరుండాలి.

వాడు కనపడితే ఎందుకు వెళ్లావని అడగకూడదు. అది ముగ్గురం ఒప్పుకున్నాం.

"మరి ఏమని పిలుస్తావు?" అంది చెల్లి.

"నువ్వే చెప్పు" అన్నాను.

"కుళాయి మళ్లీ కారుతోందని చెప్పు. నీవల్లే అవుతుందని చెప్పు."

"అబద్ధం కదే. చుక్క పడటం లేదు."

చెల్లి లేచింది. చిన్నోడి డబ్బాలోంచి స్పానరు తీసుకుంది. "నిజం చేస్తాను" అంది. కుళాయి తల విప్పి, వాషర్ తీసి నా చేతిలో పెట్టింది. మళ్లీ బిగించింది. వాషర్ నా సంచీలో పెట్టుకోవాలని, వాడికి అది చూపించాలని తేల్చాం.

వంటింట్లో కుళాయి జపం మొదలుపెట్టింది.